గాజుతొట్టిలో రంగుల చేపలు: మన నీటికి సరిపడునవి యేవి?

అంగడిలో వరుసగా అమర్చిన గాజుతొట్లలో ఎరుపు, పసుపు, నీలివన్నెల చేపలు తిరుగుచుండగా చూచి ముచ్చటపడనివా రుండరు. పిల్లలు పట్టుపట్టుదురు. తండ్రి యొక గుండ్రని గాజుగిన్నెను, రెండు బంగారుచేపలను, గుప్పెడు రంగురాళ్లను కొని యింటికి తెచ్చును. నాలుగవ నాటికో పదవ నాటికో ఆ చేపలు వెల్లకిలబడి నీటిపై తేలును. దిష్టి తగిలినదని అమ్మమ్మ యనును; అంగడివాడు రోగపు చేపల నంటగట్టెనని తండ్రి యనును. పెక్కు పర్యాయములు ఆ రెండును నిజము కావు. చేప చచ్చినది నీటివలన, గిన్నె యిరుకువలన.

రంగు చూచి చేపను కొని, అటుపిమ్మట నీటిని గూర్చి యోచించుట మన యలవాటు. దీనిని తలక్రిందులు చేయవలెను. ముందు మన యింటి నీరెట్టిదో తెలిసికొని, ఆ నీటిలో సుఖముగా బ్రదుకు చేపలలో అందమైన వానిని ఎన్నుకొనవలెను. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతములలో క్రొత్తగా గాజుతొట్టి నమర్చుకొనదలచిన కుటుంబములకు ఉపయోగపడునట్లు ఈ విషయమును కొంత వివరింతుము.

ఈ మూడును 2016 అక్టోబరు 11న జిల్లా కేంద్రములైన పట్టణములు. అంతకుముందు మహబూబునగరు జిల్లాలోనివి. కృష్ణకును తుంగభద్రకును నడుమనున్న గద్వాల ప్రాంతమునకు నడిగడ్డయని పేరు. ఇన్ని నదులు చెంతనున్నను పెక్కిండ్లలో వాడుక నీరు బోరుబావి నీరే. ఈ నేల క్రింద నున్నది నల్లరాయి, ఎఱ్ఱరాయి. ఆ రాతి పగుళ్లలో ఏండ్ల తరబడి నిలిచిన నీటిలో సున్నపు లవణములు, మెగ్నీషియము లవణములు కరగియుండును. సబ్బు నురుగు రాకుండుట, నీరు కాచిన గిన్నె యడుగున తెల్లని పొర కట్టుట దీనికి గుర్తులు. శాస్త్రజ్ఞులు దీనిని కఠినజలమందురు, మనవారు ఉప్పునీళ్లందురు. ఇట్టి నీరు సాధారణముగా క్షారగుణము కలదై యుండును.

నీరు కఠినమైనంత మాత్రమున చేపలకు పనికిరాదనుకొనుట పొరపాటు. కొన్ని చేపలకు అదియే పుట్టినింటి నీరు. దక్షిణ అమెరికాలోని అమెజాను అడవులలో ఆకులు కుళ్లి తేనీటి రంగు పట్టిన మృదుజలములలో పుట్టిన నియాను టెట్రా వంటి చేపకు మన బోరునీరు బొత్తిగా సరిపడదు. 1936లో శాస్త్రలోకమునకు పరిచితమైన యీ చేప చాల సుందరమైనది. ఒడలిపై నీలిగీత, తోకవైపు ఎఱ్ఱగీత దీపమువలె మెరయును. అయినను తొలిసారి తొట్టి పెట్టువారు, అందునను మన ప్రాంతమువారు, దీని జోలికి పోకుండుట మేలని మా యభిప్రాయము.

మంచినీటి డబ్బాలలో వచ్చు శుద్ధిచేసిన నీరు పోయవచ్చునా యని కొందరడుగుదురు. నేడు ప్రతి పల్లెలోను వాటరు ప్లాంటున్నది గదా! ఆ నీటిలో లవణములు దాదాపుగా తీసివేయబడి యుండును. చేప శరీరమునకు కొన్ని లవణములు అవసరము. నీటి గుణము నిలకడగా నుండుటకును అవి కావలెను. కావున కేవలము ఆ నీటినే పోయరాదు. బోరునీరు మిక్కిలి ఉప్పగా నున్నచో మూడు పాళ్ల బోరునీటికి ఒక పాలు డబ్బానీరు కలుపుకొనవచ్చును. మిషను భగీరథ కుళాయినుండి వచ్చు నదీజలము బోరునీటికంటె మృదువుగా నుండును. అయితే అందులో క్రిములను చంపుటకు కలిపిన క్లోరిను చేప మొప్పలను కాల్చును. ఆ నీటిని వెడల్పైన బొక్కెనలో పోసి, మూత పెట్టక, ఒక పగలు ఒక రాత్రి ఉంచినచో క్లోరిను గాలిలో కలిసిపోవును. అప్పుడే తోడిన బోరునీటిలో ప్రాణవాయువు తక్కువ. దానినికూడ ఒక రాత్రి నిలువయుంచి, రెండు మూడుసార్లు చెంబుతో ఎత్తిపోసిన పిమ్మట వాడవలెను.

ఇక తొట్టి మాట. గుండ్రని గిన్నె వలదు. దానిలో నీరు తక్కువ, గాలి తగులు మేర తక్కువ. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు గల తొట్టి చిన్న కుటుంబమునకు చాలును. లెక్కకు దానిలో 56 లీటర్లు పట్టును. ఇసుక, రాళ్లు పోగా, పైన నాలుగు వ్రేళ్లు విడువగా, 45 లీటర్ల నీరుండును. అన్నియు కలిసి 60 కిలోలు దాటును గనుక గట్టి బల్ల కావలెను. రేడియో నుంచిన బల్లమీదనే దీనిని కూడ పెట్టుకొందుమన్నచో మేము సమ్మతింపము. నీటితుంపురులు మా వార్తల గొంతును ముందుగా మూయించును.

ఇప్పుడు చేపల సంగతి. మన కఠినజలమునకు తగినవానిలో మొదట చెప్పదగినవి గుడ్లు పెట్టక పిల్లలనే కను చేపలు. వానిలో గప్పీ సుప్రసిద్ధము. వెస్టిండీసులోని ట్రినిడాడు ద్వీపమునుండి రాబర్టు జాన్ లెచ్‌మియర్ గప్పీ యను నతడు పంపిన చేపకు 1866లో లండనులోని బ్రిటిషు మ్యూజియము శాస్త్రజ్ఞుడు ఆయన పేరు పెట్టెను. ఆ చేపను అంతకు ముందే మరియొకరు వర్ణించియుండుటచేత శాస్త్రీయ నామము మారినది గాని లోకమున గప్పీ యను పేరే నిలిచినది. మగచేప అంగుళము మొదలు అంగుళమున్నర పొడవుండును. దాని తోక విసనకఱ్ఱవలె విచ్చుకొని నీలము, నారింజ, పచ్చ, నలుపు చుక్కలతో నిండియుండును. ఆడచేప పెద్దది, బూడిదవన్నెది. తోకయందు మాత్రము కొంచెము రంగు కనబడును.

ఇక్కడ కొనువారు జాగరూకులై యుండవలెను. ఆడ, మగ చేపలను కలిపి తెచ్చినచో నెలకొకసారి సంతానము కలుగును. పైగా ఒకసారి మగచేపతో కలిసిన ఆడగప్పీ ఆ బీజమును నెలల తరబడి తన శరీరమున దాచుకొని, మరల మగచేప లేకున్నను ఈనుచుండును. ఆరు చేపలతో మొదలిడిన తొట్టి యేడాది తిరుగకముందే సంతవలె క్రిక్కిరియును. రంగులే కోరువారు మగచేపలనే ఆరింటిని కొనిన చాలును. పిల్లలు పుట్టుట చూడవలెనని ఇంటిలోని బాలబాలికలు కోరినచో ఒక మగచేపకు రెండు మూడు ఆడచేపల చొప్పున ఉంచవలెను. లేనిచో మగవి వెంటాడి వెంటాడి ఆడచేపను అలసటతో చంపును. తల్లియే పిల్లలను మ్రింగుట కూడ కలదు. నీటిమొక్కలు దట్టముగా నున్నచో కొన్ని పిల్లలు దాగి బ్రదుకును.

గప్పీకి దగ్గరి చుట్టము ప్లాటీ. ఇది మెక్సికో, మధ్య అమెరికా దేశముల చేప. రెండంగుళముల బొద్దుచేప, ఎండుమిరపవంటి ఎరుపు, పసుపుకొమ్మువంటి పసుపు దీని సామాన్య వర్ణములు. గప్పీకంటె గట్టిది, సాధువు. ఒక్క జాతినే ఎన్నుకొను మని ఎవరైన మమ్మడిగినచో, మన బోరునీటికి, మన అలవాట్లకు, ప్లాటీనే చూపుదుము. కత్తితోక చేప అందమైనదే. మగచేప తోక క్రిందిభాగము కత్తివలె సాగియుండును. కాని నాలుగంగుళములు పెరుగును, ఎగిరి తొట్టి వెలుపల పడును. మూత లేనివారు దీనిని కొనరాదు. నల్లని మోలీకి ఉప్పునీరు మిక్కిలి ప్రీతి. అయితే అదియు పెరుగు చేపయే గనుక రెండడుగుల తొట్టిలో రెండింటికి మించరాదు.

రెండవ తెగ మన దేశపు చేపలే. నీలి, వెండి చారలు నిడుపుగా గల జీబ్రా చేపను ఎరుగనివారరుదు. డేనియో రెరియో యనునది దాని శాస్త్రనామము. ఈస్టిండియా కంపెనీ వైద్యుడైన ఫ్రాన్సిసు హామిల్టను గంగానదీ మత్స్యములను గూర్చి 1822లో ప్రకటించిన గ్రంథమున దీనిని మొదట వర్ణించెను. మన వాగులలో, వరిమళ్ల కాలువలలో తిరుగు ఈ రెండంగుళముల చేప నేడు ప్రపంచ ప్రయోగశాలలలో పెద్ద పేరు గడించినది. అమెరికాలోని ఒరెగాను విశ్వవిద్యాలయమునందు జార్జి స్ట్రైసింగరు 1981లో ప్రకటించిన పరిశోధనతో దీని ప్రతిష్ఠ ప్రారంభమైనది. 2013లో దీని జన్యుపటము సంపూర్ణముగా వెలువడినపుడు మానవ జన్యువులలో నూటికి 70 వంతులకు దీనియందు సాటి జన్యువు కలదని తేలినది. హైదరాబాదులోని సి.సి.ఎం.బి. సంస్థలోను దీనిపై పరిశోధనలు జరుగుచున్నవి. పిండము పారదర్శకమగుటచేత గుండె కొట్టుకొనుటను గుడ్డులోనే చూడవచ్చును. ఇంత ఘనత గల చేప అంగడిలో మిక్కిలి చౌక!

మనకు ముఖ్యమైన గుణము వేరొకటి. జీబ్రా చేప ఎండకు, చలికి, నీటి మార్పునకు ఓర్చుకొనును. మఖ్తలులోనో అలంపురములోనో మే నెల వేడియు, డిసెంబరు రాత్రి చల్లదనమును తట్టుకొనగలిగిన చేప ఏదియన్న ప్రశ్నకు ఇదియే సమాధానము. ఒంటరిగా నుంచరాదు, ఆరింటిని గుంపుగా నుంచినపుడే వాని పరుగు, వాని మెరుపు తెలియును. ఒక్కటే యున్నచో తోడి చేపల తోకలను కొరుకును.

ఇంకొక స్వదేశీ మత్స్యమును గూర్చి చెప్పక తప్పదు. దాని శరీరము అద్దమువలె నుండి లోని ముల్లు కనబడును. అందుచే గాజుచేప యందురు. దీనిని కూడ హామిల్టనే 1822లో వర్ణించెను. ఇది మన చెరువులలో పుట్టు చేపయే. దాని సహజకాంతి చాలదని కొందరు వర్తకులు సూదితో ఒడలిలోనికి రంగు నెక్కించి, ఆకుపచ్చ, గులాబి గీతలతో అమ్ముదురు. అది చేపకు హింస. ఆ పోటువలన రోగములు ప్రవేశించును. బ్రదికినను కొన్ని నెలలలో రంగు వెలిసిపోవును. ఒకే జాతి చేపలలో ఒక్కొక్క దానికి ఒక్కొక్క అసహజమైన రంగు గీత కనబడినచో వానిని కొనకుడని గట్టిగా చెప్పుచున్నాము.

చెరువునుండి పరిగెలను, చిన్న పరకలను పట్టి తొట్టిలో వేయవచ్చునా? నాగర్‌కర్నూలు కేసరి సముద్రము కట్టపై గాలము వేయు పిల్లల కిది సహజముగా తోచును. చూచుట కవి ముద్దుగానే యుండును. కాని చెరువు చేప వెంట జలగలు, పురుగులు, బూజురోగము తొట్టికి వచ్చును. వేరు పాత్రలో మూడు వారములుంచి చూచిన పిమ్మటగాని కలుపరాదు. కొర్రమీను పిల్లలను పొరపాటుననైన వేయరాదు. చిన్నతనమున ఎఱ్ఱని గుంపుగా తిరుగు నవి మనోహరముగా నుండును. నెల గడచునప్పటికి తొట్టిలో వేరొక చేప మిగులదు. దోమల నివారణకై బావులలో, మురికి గుంటలలో ప్రభుత్వమువారు విడుచు గంబూసియా చేపను గప్పీయని భ్రమించి తెచ్చువారు కలరు. 1928లో మన దేశమునకు తేబడిన ఆ చేప దోమపిల్లలను తినుట నిజమే. కాని అది రంగులేనిది, తగవులమారి. గప్పీ తోకను చీలికలు చేయును.

కొనరాని వానిని క్షుణ్ణముగా చెప్పుట మాకు కర్తవ్యము. బంగారుచేప అరచేతికి మించి పెరుగును, మలినము నెక్కువగా విడుచును. రెండడుగుల తొట్టి దానికి చెరసాల. ఆస్కారు అడుగు పొడవగును. ఫైటరు మగచేప నొక్కదానినే ప్రత్యేకముగా, పది పదిహేను లీటర్ల మూత గల తొట్టిలో నుంచవచ్చును. గప్పీలతో కలిపినచో కలహమే.

తొట్టి గోడల పాకుడును తినునని అంటగట్టు, గరుకు చర్మపు నల్లని సకరు చేపను గూర్చి మాత్రము కొంత వివరముగా చెప్పవలెను. కొనునాడు రెండంగుళములు, పిమ్మట అడుగు దాటును. అప్పుడు యజమాని ఏమి చేయును? చంపుటకు మనసొప్పక చెరువులో విడుచును. ఇట్లు విడువబడిన చేపలే ఆంధ్ర, తెలంగాణ రాష్ట్రముల జలాశయములలో పెరిగి నేడు జాలరుల వలలలో పడుచున్నవి. దాని ముండ్ల రెక్కలకు చిక్కి వల చినుగును; తినుటకు ఎవరును కొనరు; ఆహారమునకై మన చేపలతో పోటీపడును. జూరాల జలాశయముమీద ఎన్ని కుటుంబములు వలవేసి జీవించుచున్నవో ఆ కట్టమీద వేడి చేప వేపుడు తిన్నవారి కందరికిని తెలియును. తొట్టి చేపను, అది యే చేపయైనను, కాలువలో గాని చెరువులో గాని వదలరాదు. వద్దనుకొన్న చేపను అంగడికి తిరిగి యిచ్చుటయో, మరియొక యింటి కిచ్చుటయో చేయవలెను.

ఎన్ని చేపలను తేవలెను? మన 45 లీటర్ల తొట్టిలో ఆరు జీబ్రా చేపలు, మూడు ప్లాటీలు చాలును. లేదా ఆరు మగగప్పీలు, మూడు ప్లాటీలు. పది జాతులను ఒక్కొక్కటి తెచ్చి కలిపినచో కన్ను ఎక్కడను నిలువదు. గద్వాల చీరను నేయువా రెరిగిన రహస్యమిది: ఒడలు ఒక రంగు, అంచు దాని కెదురు రంగు. వెనుక గాజునకు నల్లని కాగిత మంటించి, పచ్చని మొక్కల నడుమ ఎఱ్ఱని ప్లాటీలను విడిచి చూడుడు.

వీని నన్నిటిని ఒకేనాడు తేవలదు. చేప విడుచు మలినమునుండి అమోనియా పుట్టును. అది విషము. ఇసుకలోను వడపోత స్పంజిలోను క్రమముగా పెరుగు సూక్ష్మజీవులు దానిని మొదట నైట్రైటుగను, పిమ్మట అంతగా హానిలేని నైట్రేటుగను మార్చును. ఆ జీవులు తగినంత పెరుగుటకు నాలుగు నుండి ఆరు వారములు పట్టును. మన బోరునీటి వలన ఇచ్చట ఒక ప్రత్యేకమైన చిక్కు కలదు. నీటి క్షారగుణము హెచ్చినకొలది అమోనియా విషముగా మారు పాలు హెచ్చును. 25 డిగ్రీల వేడియందు పి.హెచ్. 7 గల నీటిలో అది నూటికి ఒక పాలైన నుండదు, పి.హెచ్. 8 అయినచో ఐదు పాళ్లు దాటును. అంటే అదే మలినము, అదే చేప, మన నీటిలో దాదాపు పదిరెట్ల ప్రమాదము. క్రొత్త తొట్టిలో మొదటి వారముననే చేపలు చచ్చుటకు ఇదియే ముఖ్యకారణము. మొదట మూడు జీబ్రా చేపలను మాత్రమే వేసి, మూడు వారములు గడచిన తరువాత మరి మూడు, ఆ తరువాతనే ప్లాటీలను చేర్చవలెను. పాత తొట్టి గల స్నేహితులున్నచో వారి స్పంజిని మన తొట్టి నీటిలో పిండినచో ఆ కాలము కొంత తగ్గును.

వారమున కొకసారి నాలుగవవంతు నీటిని మార్చవలెను. మొత్తము నీరు పారబోసి, ఇసుకను సబ్బుతో కడుగు అలవాటు వలదు. రబ్బరు గొట్టమును నీటితో నింపి, ఒక కొన తొట్టిలోను, రెండవ కొన క్రిందనున్న బొక్కెనలోను ఉంచినచో అడుగు మురికి తానే వచ్చును. వనపర్తి జిల్లా మదనాపురము వద్ద 1959లో పూర్తియైన సరళాసాగరము, నీరు నిండగానే మానవ ప్రయత్నము లేకయే ప్రవహించునది ఈ సైఫను సూత్రముతోనే.

వేసవిలో మెలకువ కావలెను. 20 డిగ్రీల నీటిలో లీటరునకు 9 మిల్లీగ్రాముల ప్రాణవాయువు నిలుచును. 30 డిగ్రీలలో ఏడున్నరకు మించి నిలువదు. వేడిలో చేపకు కావలసినదేమో ఎక్కువ. అందుచేత మధ్యాహ్నమున చేపలు పైకి వచ్చి నోరు తెరచుచున్నచో ఫ్యానుగాలి నీటిపై తగులునట్లు చేసి, గాలిపంపును నడుపవలెను. మంచుగడ్డలు వేయరాదు. తొట్టి కిటికీ యెండకు దూరముగా నుండవలెను. కరెంటు పోయినపుడు చెంబుతో నీరు ఎత్తిపోయుచుండిన చాలును.

చేపలను హైదరాబాదునుండి తెచ్చువారు సాయంకాలపు బస్సునో రైలునో ఎన్నుకొనవలెను. ప్రాణవాయువు నింపిన సంచిని గుడ్డలో చుట్టి నీడన ఉంచవలెను. ఇల్లు చేరిన పిమ్మట సంచిని మూతవిప్పక తొట్టి నీటిపై పావుగంట తేలవేసి, పిదప మూత విప్పి, తొట్టి నీటిని కొంచెము కొంచెముగా అరగంటసేపు సంచిలో కలిపి, చేపలను మాత్రమే వలతో తీసి విడువవలెను. సంచి నీటిని తొట్టిలో పోయరాదు. ఆ రాత్రి మేత వేయకుడు.

మేత రోజునకు ఒకటి రెండు సార్లు, రెండు నిమిషములలో తినివేయునంత చాలును. పండుగకు ఊరికి పోవునపుడు మూడు నాలుగు దినములు మేత లేకున్నను పెద్ద చేపలకు ముప్పు లేదు. పొరుగింటివారికి డబ్బా అప్పగించుటే ప్రమాదము. వారు ప్రేమతో వారము మేతను ఒక్కపూటలో వేయుదురు. తప్పదన్నచో ఒక్కొక్క దినమునకు చిటికెడు చొప్పున కాగితపు పొట్లములు కట్టి, డబ్బాను బీరువాలో దాచి పొండు.